మూతి పేలిందా? క్రీముకూ ఒక వేళ ఉంది

వర్ధన్నపేట చుట్టుపక్కల చేలల్లో ఎండలు ముదిరే రోజులూ మిర్చి ఏరే రోజులూ ఒక్కసారే వస్తాయి. పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రం దాకా ఎండలోనే ఉంటారు. పెదవి అంచున చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేవడం అప్పుడే ఎక్కువ. ఈసారి ప్రశ్నలన్నీ వాటి గురించే.

ప్రశ్న: మిర్చి ఏరడానికి వెళ్లే ఒక మహిళకు ఏటా ఎండాకాలంలో పై పెదవి మీద ఒకే చోట పొక్కులు వస్తున్నాయి. పురుగు పాకిందని ఇంట్లోవాళ్లు సున్నం పెడితే మంట ఎక్కువైంది. మెడికల్ షాపులో ఇచ్చిన ఎసైక్లోవిర్ క్రీము మూడో రోజు నుంచి రాసినా గుణం కనిపించలేదు. మందు మంచిది కాదా?

జవాబు: మందు మంచిదే, మొదలుపెట్టిన రోజే ఆలస్యమైంది.

ఇది పురుగు వల్ల వచ్చేది కాదు. హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం వైరస్ వల్ల వస్తుంది. ఎక్కువమందికి ఇది చిన్నతనంలోనే ముద్దుల వల్లో ఎంగిలి వల్లో సోకుతుంది. సోకినట్టు చాలామందికి తెలియదు కూడా. ఆ తర్వాత వైరస్ ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదలులో దాక్కుని ఉండిపోతుంది. జ్వరం, జలుబు, నిద్రలేమి, నెలసరి, మండే ఎండ, వీటిలో ఏ ఒక్కటి తోడైనా నరం వెంట మళ్లీ పెదవి మీదికి దిగుతుంది. ప్రతిసారీ దాదాపు అదే చోట రావడానికి కారణం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపువారిలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి ఈ వైరస్ ఉంది. కాబట్టి పెదవి మీద పొక్కు చూసి ఎవరి నడవడికనూ శంకించకూడదు. అలా శంకించడం అన్యాయం.

ఇక క్రీము సంగతి. వైరస్ జోరుగా పెరిగేది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. ఎసైక్లోవిర్ ఆ పెరుగుదలను ఆపుతుంది. అప్పటికే చిట్లి పుండైన చర్మాన్ని మాన్పే గుణం దానికి లేదు. అందుకే పొక్కు కనిపించేదాకా ఆగకూడదు. పెదవి చిమచిమలాడుతూ, దురదగా, బిగుసుకున్నట్టు అనిపించిన గంటల్లోనే రాయడం మొదలుపెట్టాలి. ఒకసారి వచ్చినవాళ్లు ఆ చిమచిమను ఇట్టే గుర్తుపడతారు. 5 శాతం క్రీమును మెలకువగా ఉన్నప్పుడు నాలుగు గంటలకోసారి, రోజుకు 5 సార్లు, 5 రోజులు రాయాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి రాస్తే చాలదు. వేళకు మొదలుపెట్టినా మహా అయితే ఒక రోజు ముందు మానుతుంది. ఏ మందూ లేకపోయినా 7 నుంచి 10 రోజుల్లో మానే జబ్బే ఇది. అంతకు మించి ఆశించి ఖరీదైన ట్యూబులు మార్చుకుంటూ పోవద్దు.

రాసే పద్ధతీ ముఖ్యమే. చేలోంచి వచ్చిన చేతులకు కారం ఉంటుంది, సబ్బుతో బాగా కడుక్కున్నాకే క్రీము ముట్టాలి. దూది పుల్లతో అద్దాలి, రుద్దకూడదు. రాశాక మళ్లీ చేతులు కడగాలి. ఒకరి ట్యూబు మరొకరు వాడొద్దు. క్రీము పెదవి పైన రాయడానికే, నోటి లోపలికీ కంట్లోకీ పనికిరాదు. పక్కు కట్టాక గిల్లకుండా కాస్త వాజిలిన్ రాస్తే పగలదు. సున్నం, టూత్‌పేస్టు వంటివి చర్మాన్ని ఇంకా గాయపరుస్తాయి. ఎండే కారణమైనవాళ్లు తలకూ ముఖానికీ నీడపడేలా గుడ్డ కట్టుకుని, ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ రాసుకుని చేలోకి వెళ్తే చాలాసార్లు పొక్కులు రాకుండానే చూసుకోవచ్చు.

ఎసైక్లోవిర్ వైరస్ సోకిన కణంలోనే పనిలోకి దిగుతుంది, మిగతా కణాల జోలికి పెద్దగా పోదు. అటువంటి మందుల తయారీకి బాట వేసిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ వచ్చింది.  

ప్రశ్న: షాపులో ‘అన్నిటికీ పనిచేస్తుంది’ అని ఇంకో క్రీము ఇచ్చారు. రాయొచ్చా?

జవాబు: ముందు పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివించాలి. బీటామెథాసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ వంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గినట్టు కనిపించినా వైరస్‌కు అది అదును. చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో కేంద్ర ఆరోగ్యశాఖ ఈ రకం క్రీములను 2018లో చేర్చింది. నోటి మూలలు చీలడం, నోటి లోపలి పూత వేరే జబ్బులు. వాటికి ఎసైక్లోవిర్‌తో పనిలేదు.

ప్రశ్న: ఏడాదికి ఏడెనిమిదిసార్లు వస్తుంటే?

జవాబు: అప్పుడు క్రీముతో సరిపెట్టుకోవద్దు. వాలసైక్లోవిర్ వంటి మాత్రలు క్రీముకంటే బాగా పనిచేస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు మార్చాలి కాబట్టి డాక్టరు చెప్పాకే వాడాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది.

ప్రశ్న: బాలింత ఉన్న ఇల్లు. నాయనమ్మకు పెదవి మీద పొక్కు లేచింది. పసిబిడ్డను ఎత్తుకోవచ్చా?

జవాబు: చేతులు కడుక్కుని ఎత్తుకోవచ్చు. ముద్దు మాత్రం పెట్టకూడదు. పక్కు పూర్తిగా రాలేదాకా అంటుకునే గుణం ఉంటుంది. నెల లోపు బిడ్డకు ఈ వైరస్ సోకితే మెదడుకూ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి రావచ్చు. బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఒంటి మీద నీటి పొక్కులు కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్దవాళ్లలోనూ పొక్కులు వచ్చినప్పుడు కన్ను ఎర్రబడి, నొప్పిపుట్టి, వెలుతురు చూడలేకపోతే ఇంట్లో ఉన్న చుక్కలు వేయకుండా అదే రోజు వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లండి.