గీత కింద ఒకటి

మొన్న మా అక్క కొడుకు లెక్కల పుస్తకం ముందేసుకుని తల పట్టుకు కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి, అకరణీయ సంఖ్యల పాఠం. ‘5 అకరణీయ సంఖ్యేనా?’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అని రాశాడు.

“ఎందుకు కాదురా?” అన్నాను.

“దానికి గీత లేదుగా మామయ్యా, కింద అంకె లేదుగా!”

వాడిది తెలివితక్కువ కాదు, కంగారు. కొత్త పేరు చెవిన పడగానే మనకు వచ్చిందంతా పనికిరాదనుకుంటాం. కొత్త ఉద్యోగంలో చేరిన రోజునా అంతే, కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దాయనా అంతే. అలాంటప్పుడు వెనక్కి తగ్గకండి. “ఇందులో నాకు ముందే తెలిసిందేమిటి?” అని వెతకండి.

నిర్వచనం నిదానంగా చదవండి. రెండు పూర్ణ సంఖ్యల్ని లవం, హారంగా పెట్టి రాయగలిగిన సంఖ్య ఏదైనా అకరణీయ సంఖ్యే, హారం సున్నా కాకూడదు, అంతే. గీత కంటికి కనబడాలని ఎక్కడుంది? రాయగలిగితే చాలు. 5 అంటే 5/1. కావాలంటే 10/2. మైనస్ 3 అంటే -3/1. సున్నా కూడా 0/1. పూర్ణ సంఖ్యలన్నీ ఇలా అకరణీయ సంఖ్యల్లో ఉన్నవే. తిరగేస్తే మాత్రం కుదరదు: 3/4 అకరణీయ సంఖ్యే కానీ పూర్ణ సంఖ్య కాదు.

అసలు ఇవన్నీ అవసరం కొద్దీ వచ్చినవే. 3లోంచి 5 తీసేయాలంటే ఋణ సంఖ్యలు కావాలి. బ్రహ్మగుప్తుడు 628లో ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ఆస్తిని ధనమనీ అప్పును ఋణమనీ పిలిచి వాటికి సూత్రాలు రాశాడు. మన పాఠాల్లో ఈనాటికీ అవే పేర్లు. ఇక పది దోసెలు నలుగురికి సమంగా పంచాలంటే? తలా రెండున్నర. ఆ అర కోసమే గీత వచ్చింది. పావు, ముప్పావు, పదహారో వంతుకు వీసం, ఇవన్నీ మన పెద్దలు బడికి వెళ్లకపోయినా నోటితో వాడిన అకరణీయ సంఖ్యలే. మీ ఇంట్లో పిల్లలు భిన్నాలంటే బెదిరిపోతుంటే ముందు పుస్తకం మూయించి, తూకం దగ్గర నిలబెట్టండి. పావుకిలో పప్పు నాలుగుసార్లు పోస్తే కిలో అవుతుందని చేతికి తెలిశాక 1/4 ఇంక కొత్తది కాదు.

ఇంతలో మావాడు, “మరి కింద సున్నా ఎందుకు వేయకూడదు?” అన్నాడు. చాలా మంచి ప్రశ్న. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని అంతటి బ్రహ్మగుప్తుడే రాశాడు, ఈనాటి గణితం దాన్ని ఒప్పుకోదు. “6ని సున్నాతో భాగిస్తే ఏదో వచ్చిందనుకో. దాన్ని మళ్లీ సున్నాతో గుణిస్తే 6 రావాలి కదా, చూడు” అన్నాను. 1 వేసి చూశాడు. 6 వేశాడు. 100 వేశాడు.

“ఎంత వేసినా రాదు మామయ్యా!”

వెనక పేజీకి వెళ్లి ‘కాదు’ కొట్టేశాడు. పక్కన ‘అవును, 5/1’ అని రాసుకున్నాడు.