పందికొవ్వు కాచడం: వంటకు, సబ్బుకు

మీరు బిలాస్‌పూర్‌లో ఉంటున్నారనుకుందాం. అక్కడ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉంది. రైలు కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటితే డబ్బాలోని పందికొవ్వు నూనెలా కరుగుతుంది. కరిగినంత మాత్రాన చెడినట్లు కాదు. ముక్కిన వాసన వస్తే చెడినట్లు. మిగిలిపోయిన తేమ, మాంసపు తునకలు కొవ్వును త్వరగా పాడుచేస్తాయి. కాచడమంటే వాటిని తొలగించడమే.

మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వుకు వాసన తక్కువ. వంటకు దానినే వాడండి. తక్కినది సబ్బుకు పనికివస్తుంది. చిన్న ముక్కలుగా తరిగి, కాసిని నీళ్లు పోసి, సన్నని సెగపై కాచండి. చిటపటలు ఆగి, తునకలు ఎర్రబడితే నీరు ఇగిరినట్లే. పొడి గుడ్డలో వడకట్టండి. (వేగిన తునకలు పారవేయకండి, ఉప్పుకారంతో బాగుంటాయి.) కొవ్వు అంటుకుంటే నీళ్లు చల్లరాదు. పొయ్యి ఆపి మూత పెట్టండి.

సబ్బుకు 500 గ్రాముల కొవ్వు, 66 గ్రాముల కాస్టిక్ సోడా, 190 గ్రాముల నీరు తూచి తీసుకోండి. సోడా ఎక్కువైతే సబ్బు చర్మాన్ని కాలుస్తుంది. అల్యూమినియం గిన్నె వాడరాదు. సోడా దానిని తినివేసి, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, ఆరుబయట, స్టీలు గిన్నెలోని చన్నీళ్లలో సోడాను కొద్దికొద్దిగా వేయండి. సోడాపై నీళ్లు పోస్తే చిమ్ముతుంది. ఒంటిపై పడితే 20 నిమిషాలు ధారగా కడగండి. కంట్లో పడితే అలాగే కడిగి, ఆసుపత్రికి వెళ్లండి.

చల్లారిన ఈ ద్రావణాన్ని గోరువెచ్చని కొవ్వులో పోసి, జావలా చిక్కబడేవరకు కలిపి అచ్చులో పోయండి. మర్నాడు తొడుగులతోనే కోసి, నాలుగు వారాలు ఆరనివ్వండి.

పాఠ్యగత ప్రశ్న: 750 గ్రాముల కొవ్వుకు సోడా, నీరు ఎంతెంత కావాలి?