కబుర్లు ఆగే చోటు: పుంతదారి నేర్పిన పాఠాలు

ముప్పై రెండేళ్ళు గోదావరి డెల్టాలో ఊళ్ళకి రోడ్లు వేయించాను. పదవీ విరమణ చేశాక, మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయని డాక్టరు రోజూ నడవమన్నాడు. మా ఊరి నుంచి పక్క ఊరికి రెండున్నర కిలోమీటర్లు. నేను దగ్గరుండి తారు పోయించిన రోడ్డే. నడిచిన మొదటి రోజే తెలిసింది, దాని మీద నడిచేవాడికి చోటు లేదని. జీపులో తిరిగినన్నాళ్ళూ అది నా కంటపడలేదు. ఆ సిగ్గుతోనే చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ వాళ్ళతో కలిసి నడకదారులు, సైకిలు దారుల పనిలో పడ్డాను. ఈ పని నెత్తికెత్తుకునే కుర్రకారుకి పనికొస్తాయని, నేర్చుకున్నవి నాలుగు ముక్కలు చెబుతున్నాను.

1. ముందు నడవండి, తర్వాత గీయండి

నక్షా పరుచుకుని కూర్చోకండి. పొద్దున బడి పిల్లల వెనక నడవండి. నాట్ల రోజుల్లో తెల్లవారకముందే బయల్దేరే కూలీ ఆడవాళ్ళతో నడవండి. సాయంత్రం పాలకేంద్రానికి సైకిలు మీద క్యాన్లు మోసుకెళ్ళేవాడి వెంట పొండి. ఒకటే రోడ్డు మూడు వేళల్లో మూడు రోడ్లు.

ఒక గుర్తు చెబుతాను. నలుగురు ఆడవాళ్ళు పక్కపక్కనే కబుర్లాడుకుంటూ నడుస్తుంటారు. ఒకచోట ఉన్నట్టుండి మాటలు ఆగిపోతాయి. ఒకరి వెనక ఒకరు సర్దుకుంటారు, ముందున్నావిడ తల తిప్పి వెనక్కి చూస్తుంది. ఓ వంద గజాలు పోయాక మళ్ళీ కబుర్లు మొదలవుతాయి. ఆ వంద గజాలే ప్రమాదం. నేను పుస్తకంలో మొదట రాసుకునేది ఆ చోటే.

2. పాత దారిని వెతకండి

తారు రోడ్డు రాకముందు కూడా ఊళ్ళ మధ్య రాకపోకలున్నాయి. పుంతలు, డొంకలు, బండ్ల బాటలు గ్రామ నక్షాలో ఈనాటికీ ఉన్నాయి. చాలావాటికి సర్కారు పోరంబోకు అని రికార్డు కూడా ఉంది. రోడ్డు పడ్డాక పుంత మీద తిరిగేవాళ్ళు తగ్గారు. అటొకరు ఇటొకరు ఏటా ఒక్కో చాలు కలుపుకుంటూ వచ్చారు. రెండు బండ్లు ఎదురుపడి తప్పుకున్న దారి ఇప్పుడు చాలాచోట్ల ఒక గట్టంత మిగిలింది.

ఆక్రమణలు తొలగించడానికి 1905 నాటి చట్టం ఉంది. అయినా దానితో మొదలుపెట్టకండి. సర్వేయరుని పిలిపించి, రెండు వైపుల రైతులనీ ఒకేరోజు రప్పించి, అందరి ఎదుటా గొలుసు లాగించండి. ఎవరి పేరూ ఎత్తొద్దు. రాయి పాతిన చోటు అందరూ చూస్తారు కదా, అది చాలు. కోతల నాడు మిషను పొలంలోకి దిగాలంటే రైతుకీ ఆ పుంతే కావాలి. ఈ ముక్క చెప్పాక మా దగ్గర ఎక్కువమంది వెనక్కి జరిగారు. దారి తేలాక మట్టి పనికి ఉపాధి హామీ ఉండనే ఉంది.

3. తారుతో పాటు వేగమూ వస్తుంది

ఇది నా తప్పు నాకు నేర్పిన పాఠం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలయ్యాక రోడ్డెరగని పల్లెలకి రోడ్డొచ్చింది. అది కాదనలేని మేలు. అయితే ఆ రోడ్లలో సాధారణంగా తారు వెడల్పు 3.75 మీటర్లు. బస్సు రమారమి రెండున్నర మీటర్లు. మిగిలింది మీటరుంబావు. ఆ కాస్త చోటులో గడ్డిమోపు కట్టుకున్న సైకిలు పట్టదు, మార్జిన్‌లోకి దిగాల్సిందే.

మార్జిన్ ఎలా ఉంటుందో మీ చేత్తోనే చూడండి. తారు అంచు పక్కన అరచెయ్యి నిలబెట్టండి. తారు మీద తారు వేసినప్పుడల్లా రోడ్డు లేస్తుంది, పక్క మట్టి వానకి కోసుకుపోతుంది. నాలుగు వేళ్ళ ఎత్తు తేడా వచ్చిందా, సైకిలు చక్రానికి అది గోడే. దిగినవాడు పడతాడు, తిరిగి ఎక్కబోయినవాడు బస్సు కిందికే పడతాడు. మార్జిన్ మెరక చెయ్యకుండా పని అయిందనిపించుకోనివ్వకండి.

సగటు వేగం నూటికి ఒక్క పాలు పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు నాలుగు పాళ్ళు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. వాళ్ళలో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్ళే. ఊళ్ళోకి వచ్చేచోట, బడి దగ్గర, వేగం తగ్గించే ఏర్పాటు లేకుండా తారు పొయ్యకండి. అదీ నడుం విరిచే గుట్టలా కాదు. మూడున్నర మీటర్లకి పైగా వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు, పైన గుండ్రం. కొలతలు రోడ్ల నిబంధనల పుస్తకంలోనే ఉన్నాయి, పాటించడమే లేదు.

4. తూము దగ్గర దారి సన్నబడుతుంది

రోడ్డంతా మార్జిన్ ఉన్నా తూము మీదికి వచ్చేసరికి మాయమవుతుంది. అటు పిట్టగోడ, ఇటు లారీ, మధ్యలో మనిషి. దారి మొత్తం వెడల్పు చేసే డబ్బు ఎప్పటికీ రాదు. తూము పక్కనే నడిచేవాళ్ళకి ఒక పలక వేయించండి.

మా పుంతలో పంటబోదె మీద రెండు తాటి దుంగలుండేవి. తరాల కాళ్ళు తగిలి నున్నగా నిగనిగలాడేవి. శ్రావణమాసంలో ఒకావిడ నెత్తిన నారుకట్టతో జారి బోదెలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. రెండు సిమెంటు గొట్టాలు, పైన గరుకు పలక, పక్కన ఒక ఇనప రాడ్డు, అంతే పని. వెడల్పు మాత్రం సైకిలు నడిపించుకెళ్ళే మనిషిని చూసి పెట్టండి. తక్కువలో తక్కువ మీటరున్నర.

5. దగ్గర దారి కాదు, ధైర్యమున్న దారి

గ్రామసభలో మగవాళ్ళం కాలవ గట్టు దారి ఖాయం చేశాం, అర కిలోమీటరు కలిసొస్తుందని. డ్వాక్రా మీటింగులో ఒక పెద్దావిడ లేచింది: “ఆ మలుపులో సర్కారు తుమ్మలండీ. అవతలేముందో కనపడదు. పొద్దుగూకితే మా పిల్లల్ని అటు పంపమండి, ఆయ్!” చుట్టు తిరిగినా ఇళ్ళ మీదుగా పోయే దారే వాళ్ళకి కావాలి. ఆ మాట ముందే వినుంటే ఒక వేసవి పని మిగిలేది. ఆడవాళ్ళని విడిగా అడగండి. మలుపుల్లో కంప ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందొకసారి, తర్వాతొకసారి కొట్టించండి.

6. వడ్లు ఆరబోసే రైతుని తిట్టకండి

దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు వడ్లదే. చుట్టూ పెట్టిన రాళ్ళు రాత్రి సైకిలువాడికి కనపడవు. కళ్ళం లేకే రైతు రోడ్డెక్కాడు. కళ్ళాలకి ఊరుమ్మడి జాగా చూపించండి. అందాకా రెండు మాటలు ఒప్పించండి: రాళ్ళ బదులు గోనెసంచులు, మలుపులో మాత్రం ఆరబోయొద్దు.

7. జనం దాటేచోటే దారి అడగండి

నాలుగు వరసల రోడ్డు ఊరికీ పొలానికీ మధ్య పడితే, జనం డివైడరు సందులోంచే దాటతారు. వాళ్ళని మూర్ఖులనకండి. కిలోమీటరు చుట్టు తిరిగి గేదెని ఎవరు తోలుకెళ్తారు? సందు ఎక్కడుందో ఫొటో తీసి, అక్కడే అండర్‌పాస్ అడగండి. నీళ్ళు పోయే దారి లేకపోతే అది వానాకాలం చెరువవుతుందని కూడా అర్జీలో రాయండి. రోడ్డు డిజైనులో, నిర్వహణలో లోపం వల్ల ప్రాణం పోతే బాధ్యులకి జరిమానా వేసే వీలు 2019లో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది, సెక్షన్ 198ఎ. అర్జీలో ఆ ఒక్క వాక్యం ఉంటే చదివే తీరే మారుతుంది.

8. కుడివైపున నడవండి

చిన్నప్పుడు ఎడమ పక్కన నడవమని నేర్పారు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద అది తప్పు. కుడివైపున నడిస్తే బండి ఎదురుగా కనిపిస్తుంది, తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. సైకిలువాడు మాత్రం ఎడమే.

9. సైకిలిస్తే సరిపోదు

బీహారులో 2006లో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. తర్వాత లెక్క తీస్తే, బళ్ళో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. ఆ పెరుగుదల ఎక్కువగా బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే. మన దగ్గరా ‘బడికొస్తా’ పేరుతో ఇచ్చారు. మా ఊళ్ళో ఒక పిల్లకి వచ్చిన సైకిలు ఏడాదిపాటు అరుగు మీదే ఉంది, సీటుకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. తూము దగ్గర లారీలకి భయపడి తండ్రి పంపలేదు. పుంత బాగుపడి, బోదె మీద పలక పడ్డాక, జూన్‌లో బళ్ళు తెరిచిన రోజు ఆ కవరు చించాడు.

10. తీర్మానం రాయించండి

నోటిమాట పని మనిషితో పోతుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో రోడ్లు, తూములు, వంతెనలు ఉన్నాయి. ఇది పంచాయతీ పనే. ఏ దారి, ఎంత వెడల్పు, కంప ఎవరు కొట్టాలి, ఏ నెలలో, ఇవన్నీ గ్రామసభ పుస్తకంలో ఎక్కించి సంతకాలు పెట్టించండి. సర్పంచి మారినా పుస్తకం మారదు.

ఇన్ని పాఠాలూ గుర్తుండకపోయినా ఫరవాలేదు. రేపు పొద్దున మీ ఊరి బడి పిల్లల వెనక ఒక్కసారి నడవండి. వాళ్ళ కబుర్లు ఎక్కడ ఆగాయో రాసుకోండి. మీ పని అక్కణ్ణుంచే మొదలు.