ఇంటి గాజుతొట్టిలో చెరువు మొక్కలు

చెరువుగట్టున నిలిచి, నీటిలోని పచ్చని తీగను చూపి "ఇదేమి?" అని పిల్లవాడు అడిగినప్పుడు మనలో పలువురము "నాచు" అని చెప్పి ముందుకు సాగుదుము. ఆ ఒక్క మాటలో ఎన్నియో వేర్వేరు మొక్కలు ఇమిడియున్నవి. వానిలో ఒకటి రెండింటిని తెచ్చి ఇంట గాజుతొట్టిలో పెంచినచో, ప్రకృతిశాస్త్రములోని ఒక ముఖ్యమైన పాఠము కన్నులయెదుటనే జరుగును. చెరువులకు కొదువలేని మన హోసూరు ప్రాంతమున ఇది కష్టసాధ్యము కాదు. మా పాఠశాలలో చేసి నేర్చుకొనిన విధమును తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము.

ఇందులకు తగిన మొక్కలు రెండు. మొదటిది హైడ్రిల్లా. దీని సన్నని కాడచుట్టును కణుపు కణుపునకు చిన్న ఆకులుండును. వాని అంచులు వ్రేలికి గరుకుగా తగులును. ముక్క త్రుంచి నాటినను బ్రదుకును. రెండవది వాలిస్నేరియా. దీని ఆకులు రిబ్బనువలె పొడవుగా నుండును. మగపూలు మొక్కనుండి విడివడి నీటిపైకి తేలి, పొడవైన కాడపై నీటిమట్టమునకు వచ్చిన ఆడుపూవును చేరును. పిమ్మట ఆ కాడ చుట్టలు చుట్టుకొని క్రిందికి దిగును. కలువ అందమైనదే కాని, దాని ఆకులు పరచుకొనుటకు చిన్న తొట్టి చాలదు.

మొక్కలు తెచ్చుటకు పిల్లలను ఒంటరిగా ఎన్నడును పంపరాదు. చెరువు అంచున బురద ఎంత లోతున్నదో పైకి కానరాదు. పెద్దలు తోడుండి, మురుగునీరు కలియని చోట రెండు మూడు రెమ్మలు మాత్రమే తీసికొనవలెను. ఇంటికి తెచ్చి మంచినీట కడిగి, నత్తగ్రుడ్లను, జలగలను ఏరివేసి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన లేత గులాబిరంగు నీటిలో పది నిమిషములుంచి మరల కడుగవలెను. తొట్టిలో బాగుగా కడిగిన ఇసుకను 2 అంగుళముల మందమున పరచి నాటవలెను. కుళాయినీరైనచో ఒకదినము తెరచియుంచి పిదప పోయవలెను. ప్రొద్దుటి ఎండ తగులు కిటికీ మేలు. నడిమధ్యాహ్నపు ఎండకు నీరు పచ్చబడును. మొదటి రెండు వారములు కొన్ని ఆకులు కుళ్ళును. భయపడక వానిని తీసివేయుచుండిన క్రొత్త చిగుళ్ళు వచ్చును. దోమలు గ్రుడ్లు పెట్టకుండ సన్నని వల కప్పవలెను. రెండు చిన్న చేపలున్నచో దోమపురుగులను తినును.

ఇచట మేము చేసిన పొరపాటును దాచరాదు. కొన్నేండ్ల క్రిందట మా తరగతి తొట్టిలో మొక్కలు దట్టముగా నాటి, చేపలను అధికముగా వదలితిమి. పగలు అంతయు బాగుగనే యుండెను. మరునాటి ఉదయమున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి రొప్పుచుండెను, కొన్ని చచ్చెను. పగటివెలుగున మొక్కలు ప్రాణవాయువును విడుచును. రాత్రి అవియు మనవలెనే దానిని పీల్చును. ఈ సంగతి బోధించు మేమే ఆచరణలో దానిని మరచితిమి.

వెలుగులో నీటిమొక్కల ఆకులనుండి బుడగలు వెలువడుటయు, చీకటిలో ఆగిపోవుటయు 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు ప్రకటించెను. ఇంగ్లండునందు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు బంగారుచేపలను, వాలిస్నేరియాను ఒకే తొట్టిలో నుంచెను. ఆకులు కుళ్ళి నీరు చెడగా నత్తలను వేసెను. అవి కుళ్ళిన ఆకులను తినగా నీరు తేటపడెను. ఇంటియందు పిల్లవాడు హైడ్రిల్లా రెమ్మను గాజుగ్లాసులో నుంచి, ఎండలో నిమిషమునకు ఎన్ని బుడగలు వచ్చునో, నీడలో ఎన్ని వచ్చునో లెక్కించి వ్రాసికొనిన చాలును.

తొట్టిలో మొక్కలు పెరిగి ఎక్కువైనచో చెరువులో పారవేయరాదు. ఒకచోటి పురుగును, తెగులును మరియొక చోటికి చేర్చినట్లగును. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎట్లు కప్పివేసెనో చూచుచునే యున్నాము. వానిని ఎండబెట్టి ఎరువుగుంటలో వేయవలెను.

తుదకు ఒక్కమాట. చెరువును ఇచట తమిళులు ఏరి అందురు, కన్నడిగులు కెరె అందురు. మన కలువ వారికి అల్లి, వీరికి నైదిలె. ఆ పేర్లు మన పిల్లలకు వీధిలో తమంతట వచ్చును, రావలసినదే. కణుపు, కాడ, చిగురు, మొగ్గ అను మాటలు మాత్రము ఇంట మనము పలికిననే వచ్చును. తొట్టియొద్ద పిల్లవానితో దినమునకు పది నిమిషములు కూర్చుండి, కనబడిన ప్రతిదానికిని తెలుగున పేరు చెప్పుడు. అంతవరకు బడి చేయజాలదు. అది మీ చేతిలోని పని.