తల ముందుకు వెళ్తే కాళ్ళు లేస్తాయి

సింధూ,

నువ్వు పంపిన వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. మయూరాసనానికి కూర్చున్న తీరు బాగుంది, మోచేతులు పొట్టకు ఆనాయి. ఆ తర్వాతే తొందరపడ్డావు. రెండు కాళ్ళూ ఒక్కసారిగా ఎగరేయబోయి చతికిలబడ్డావు. పైగా "నాకు పొట్టలో బలం లేదు పెద్దమ్మా" అని రాశావు. బలం మాట తర్వాత చూద్దాం. నీ బరువు ఇంకా అరచేతుల మీదికి రాలేదు. అది వచ్చేదాకా ఎంత బలమున్నా పాదాలు నేలను వదలవు.

మీ అమ్మనడుగు, ఏతం ఎలా తొక్కేవారో చెబుతుంది. మనిషి దూలం మీద ఒక కొసకు నడిస్తే రెండో కొస నీళ్ళ బానతో సహా పైకి వచ్చేది. ఈ ఆసనంలో దూలం నీ ఒళ్ళే. ఫిజిక్సులో చదివావే గరిమనాభి, అది నిలబడ్డ మనిషిలో బొడ్డుకు కాస్త కిందుగా ఉంటుంది. ఆడవాళ్ళలో సాధారణంగా ఇంకొంచెం దిగువన. అందుకని మోచేతులు సరిగ్గా బొడ్డు మీద కాకుండా ఒక వేలు కిందికి పెట్టుకో. కాళ్ళు చాచాక తల, ఛాతీ ముందుకు పంపు. గరిమనాభి అరచేతుల మీదికి రాగానే పాదాలు వాటంతటవే తేలికవుతాయి. అప్పటిదాకా బొటనవేళ్ళు నేల మీదే ఉండనీ. వాటిని ఎత్తాలనే ఆలోచనే వద్దు.

ఇక చేతులు. మోకాళ్ళు ఎడంగా పెట్టి కూర్చుని, వేళ్ళు నీ పాదాల వైపు చూసేలా అరచేతులు ఆనించు. చిటికెన వేళ్ళు ఒకదానికొకటి తగలాలి. వేళ్ళు వెనక్కి ఉంచేది అందానికి కాదు. ఒళ్ళు ముందుకు వాలినప్పుడు ముంజేతులు కూడా ముందుకు వాలతాయి, మణికట్టు మడత కొంత విచ్చుకుంటుంది. వేళ్ళు ముందుకు పెట్టి చేసే హంసాసనంలో ఆ మడత ఇంకా బిగుస్తుంది, మణికట్టు మీద భారం ఎక్కువ. దాని జోలికి ఇప్పుడే పోకు.

నీ వీడియోలో ఇంకొకటి గమనించాను. బరువు పడగానే మోచేతులు పక్కలకు విడిపోతున్నాయి. చున్నీ మడిచి మోచేతులకు కాస్త పైన, రెండు చేతులూ కలిపి కట్టుకో. జారే బట్ట వేసుకోకు, నూలు చొక్కా అయితే మోచేతులు పట్టుకుని నిలుస్తాయి. చెమట పడితే తుడుచుకుని మొదలుపెట్టు. ముఖం ఆనేచోట ఒక దిండు వేసుకో. మొదట్లో ముందుకు తూలడం మామూలే, గడ్డం నేలకు కొట్టుకోకూడదు.

పైకి లేచాక నిలబెట్టేవి వేళ్ళే. పాదాలు కిందికి జారుతున్నాయనిపిస్తే వేలి కొనలతో నేలను గట్టిగా నొక్కు, ఒళ్ళు ముందుకు కదులుతుంది. బరువంతా అరచేతి మొదలు మీదికి వచ్చిందంటే ముక్కు నేలకు పోతోందన్నమాట, అప్పుడు వేళ్ళు సడలించు. కొన్నాళ్ళకు ఈ సర్దుబాటు నీ ప్రమేయం లేకుండానే జరుగుతుంది. నాకు ఈ ఆసనంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

బలం విషయానికి వస్తే, హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు ఈ ఆసనంలో ఒళ్ళు కర్రలా నిలవాలన్నాడు. 15వ శతాబ్దపు పుస్తకం అది. ఆసనం అంతకంటే పాతది. మరీచి పేరిట ఉన్న వైఖానస గ్రంథం విమానార్చనకల్పంలో చెప్పిన తొమ్మిది ఆసనాల్లో ఇదొకటి. మిగతావన్నీ కూర్చుని చేసేవే. తిరుమలలో పూజలు జరిగేది ఆ వైఖానస సంప్రదాయంలోనే. కర్రలా అన్న ఆ ఒక్క మాటలో నీకు కావలసిన వ్యాయామమంతా ఉంది. పొట్ట మెత్తగా ఉంటే మోచేతులు లోపలికి దిగబడి నొప్పి పుడుతుంది. కాబట్టి పొట్ట కండరాలు మోచేతులకు ఎదురొత్తాలి. కాళ్ళు వాలకుండా పట్టేవి వెన్ను కండరాలు, పిరుదులు. మొదటిదానికి ప్లాంక్, రెండోదానికి శలభాసనం చెయ్యి. జిమ్‌లో అబ్బాయిలు కసరత్తులా చేసే ఎల్బో లీవర్ కూడా ఈ జాతిదే. మోచేతుల ఆసరా లేకుండా చేసే ప్లాంచ్ చూసి మాత్రం నిన్ను పోల్చుకోకు, అది ఏళ్ళ తరబడి సాధన.

ఊపిరి బిగబట్టకు. మోచేతులు పొట్టను నొక్కుతుంటాయి కనుక పెద్ద శ్వాస రాదు, చిన్న చిన్న శ్వాసలు చాలు. మొదట్లో 5 సెకన్లు నిలిస్తే ఎక్కువ. వారానికి 3 రోజులు చెయ్యి, మధ్యలో మణికట్లకు విశ్రాంతినివ్వు. మొదలుపెట్టే ముందు మణికట్లు తిప్పి, అరచేతులు నేలకు ఆనించి అటూ ఇటూ వాలి వాటిని వేడెక్కించు. లాగినట్టు ఉంటే ఫరవాలేదు, పోటు వస్తే ఆ రోజుకి ఆపెయ్యి.

భోజనం చేసి నాలుగు గంటలు గడవనిదే దీన్ని ముట్టుకోకు. నెలసరిలో వద్దు. నీ రూమ్మేటు కూడా నేర్చుకుంటానందని రాశావు. తనకు హెర్నియాగానీ, రక్తపోటుగానీ, కడుపులో పుండుగానీ, ఈమధ్య పొట్టకు ఆపరేషన్‌గానీ ఉంటే నేర్పకు. కళ్ళల్లో నీటికాసుల జబ్బు ఉన్నవాళ్ళకూ తల కిందికి వచ్చే ఆసనాలు మంచివి కావు. గర్భిణులు చెయ్యనే కూడదు. ఈ ఆసనంతో విషం కూడా అరుగుతుందని పాత పుస్తకాల్లో ఉంది. దాన్ని స్తుతిగానే తీసుకో, కడుపునొప్పికి మందుగా ఎవరికీ చెప్పకు.

దిగేటప్పుడు దభీమని పడకు. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు ఆనించి, ఆపైన చేతులు తీసి వెల్లకిలా పడుకో. కాళ్ళు చాపినప్పుడు ఎంతకీ లేవకపోతే పద్మాసనం కట్టి ప్రయత్నించు. కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటే వెనక బరువు తగ్గి, లేవడం సులువవుతుంది. అయితే మోకాళ్ళు పద్మాసనానికి ఇప్పటికే అలవాటుపడి ఉంటేనే. ఈసారి వీడియో పక్కనుంచి తియ్యి, ముందునుంచి కాదు. నీ తల అరచేతులకు ఎంత ముందుకు వస్తోందో నాకు కనబడాలి.

మీ పెద్దమ్మ