అక్క చెప్పిన రెండు మాటలు

హైదరాబాదులో మాదాపూర్ ఉంది. ఒకప్పుడు అక్కడ ఎటు చూసినా రాళ్ళగుట్టలే. 1998 నవంబరు 22న అక్కడ సైబర్ టవర్స్ అనే పెద్ద మేడను ప్రధానమంత్రి వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ చోటికే హైటెక్ సిటీ అని పేరు. తర్వాత గచ్చిబౌలి దాకా అద్దాల మేడలు లేచాయి. మేడల్లో కూర్చుని పనిచేసేది కంప్యూటర్ల వాళ్ళు. మరి మేడలు కట్టింది ఎవరు? పాలమూరు కూలీలు, శ్రీకాకుళం కూలీలు, ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కూలీలు.

మేడలు కట్టే చోట ప్రమాదాలు చాలా రకాలు. ఎక్కువ ప్రాణాలు తీసేది పైనుంచి పడడమే.

అలాంటి చోట ఒక అక్క పనిచేస్తోంది అనుకుందాం. ఆమెది పాలమూరు. ఆరో అంతస్తులో ఇటుకలు మోస్తుంది. నెత్తిమీద తట్ట ఉంటే కాళ్ళ ముందు ఏముందో సరిగా కనబడదు. ఆమె నడిచే దారిలో, పైపులు దించడానికి స్లాబులో వదిలిన పెద్ద కంత ఉంది. దానిమీద ఒక చెక్క పలక పరిచారు. మేకులు కొట్టలేదు. కాలు తగిలితే పలక జరుగుతుంది.

ఇంజనీరు కూడా రోజూ అటే పోతాడు. కానీ ఆయన నెత్తిన తట్ట ఉండదు. అందుకే ఆయనకు ఆ సంగతి తట్టలేదు.

అక్క మేస్త్రితో చెప్పింది.

"అన్నా, గా పలక కదులుతున్నది. నాలుగు దిక్కుల మేకులు కొట్టుండ్రి. ఎర్ర రంగు ఎయ్యుండ్రి. దూరంకెల్లే కండ్లకు కనబడతది."

"నీకెందుకమ్మా? నువ్వు ఇటుకలు మొయ్యి" అన్నాడు మేస్త్రి.

అక్క ఊకోలేదు.

"ఇంకొక్క మాట అన్నా. క్రేను ఇటుకలు ఆ మూలకు దింపుతున్నది. గోడేమో ఈ మూలకు కడుతున్నరు. ఈడనే దింపితే సగం నడక తప్పుతది. కంత దిక్కు పోయే పనే ఉండదు."

మేస్త్రి ఆలోచనలో పడ్డాడు. నడక తగ్గితే గోడ తొందరగా లేస్తుంది. ఈ మాట ఆయనకు బాగా ఎక్కింది. ప్రాణం మాట కన్నా పని మాట ముందు ఎక్కింది, ఏం చేస్తాం! ఇంజనీరును పిలిచాడు. ఆ మూల స్లాబు అంత బరువు ఆపుతుందో లేదో చూడాలి కదా. ఇంజనీరు చూసి సరే అన్నాడు. పలకకు మేకులు పడ్డాయి. ఎర్ర రంగూ పడింది.

అందరూ ఇలా అడగగలరా? కష్టమే. నోరు తెరిస్తే రేపు పనిలోకి రావద్దంటారేమోనని భయం. దినకూలీకి ఆ భయం ఉత్తది కాదు. పైగా కంపెనీ ఒకటి, గుత్తేదారు ఇంకొకరు. ఎవరికి చెప్పాలో తెలియదు.

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. 500 మంది, అంతకు మించి పనిచేసే చోట సేఫ్టీ కమిటీ ఉండాలని అది చెప్పింది. 2020లో పార్లమెంటు కొత్త కోడ్ చేసింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కూడా, కమిటీలో కార్మికుల తరఫు వాళ్ళు యజమాని తరఫు వాళ్ళకన్నా తక్కువ ఉండకూడదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే కార్మికులు యజమానికి నేరుగా చెప్పవచ్చు. కమిటీ ద్వారా అయినా చెప్పవచ్చు. ముప్పు నిజమైతే యజమాని వెంటనే సరిచేయాలి. ముప్పు లేదని ఆయన అంటే, సంగతి ఇన్‌స్పెక్టరు దగ్గరకు పంపాలి.

పనివాళ్ళ సలహా అడగడం కొత్త కాదు. అమెరికాలో కొడాక్ అనే కెమెరాల కంపెనీ 1898లోనే అడిగింది. మొదటి బహుమతి 2 డాలర్లు. ఆ పనివాడు చెప్పింది ఏమిటో తెలుసా? కిటికీలు కడగమన్నాడు, వెలుతురు వస్తుందని! మన దేశంలోనూ మంచి సలహా ఇచ్చిన కార్మికుల కోసం 1965లో పురస్కారాలు పెట్టారు. మొదట వాటిని శ్రమవీర్ అన్నారు. తర్వాత విశ్వకర్మ పేరు పెట్టారు.

కొన్ని చోట్ల సలహాల పెట్టె ఉంటుంది. అందులో వేసే చీటీ చిన్నదిగా ఉంటే చాలు. ఇలా రాయవచ్చు:

"ఆరో అంతస్తు. మెట్ల పక్కన కంత ఉంది. పలక కదులుతోంది. మేకులు కొట్టించండి."

ఎక్కడ, ఏమిటి, ఏం చేయాలి. మూడూ ఉన్నాయి చూడండి.

చదవండి: స్లాబు, కంత, మేస్త్రి, గుత్తేదారు, కమిటీ, సలహా.

రాయండి: మీరు పనిచేసే చోట భయం పుట్టించేది ఏమిటి? దాని మీద ఒక చీటీ రాయండి.