వైద్యమునకు కూడ ఆడిటు

పంచాయతి లెక్కలకు ఆడిటు జరుగుట సభ్యులందరికిని తెలిసిన విషయమే. వైద్యమునకు కూడ అట్టి పరీక్ష గలదు. రోగికి అందవలసిన చికిత్స, అందవలసిన సమయమున అందినదా యని అందు చూతురు. ఇంగ్లండు, వేల్సులలో మూత్రపిండముల క్యాన్సరు విషయమున ఇది జరుగుచున్న విధమును ఇచ్చట తెలుపుచున్నాము.

బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5వ తేదీన ప్రారంభమైనది. సేవ ఒక్కటే యైనను అన్ని ఆసుపత్రులలోను చికిత్స ఒకే తీరున జరుగునని చెప్పజాలము. దీనిని కనుగొనుటకై క్యాన్సరు ఆడిట్ల జాతీయ కేంద్రము 2022లో ఏర్పడినది. మూత్రపిండముల క్యాన్సరు ఆడిటు అందులో నొకటి.

ఈ పనిలో నాలుగు మెట్లు గలవు.

మొదటిది, ప్రమాణమును నిర్ణయించుట. గడ్డ 4 సెంటీమీటర్లకు మించనిచో, వీలున్నంతవరకు ఆ భాగమును మాత్రమే తొలగించి తక్కిన మూత్రపిండమును కాపాడవలెను. చికిత్స చేయ నిశ్చయించిన పిమ్మట 31 దినములలో దానిని ప్రారంభింపవలెను.

రెండవది, వివరములను సేకరించుట. ఇందులకు క్రొత్త రిజిస్టరు లేదు. ఆసుపత్రులలోను, క్యాన్సరు నమోదు కార్యాలయములోను ఇదివరకే వ్రాసియున్న వివరములనే జతపరతురు.

మూడవది, పోల్చి చూచుట. ముదిమి వయస్సువారు, వ్యాధి ముదిరినవారు ఎక్కువగా వచ్చు ఆసుపత్రిని మరియొకదానితో ఉన్నదున్నట్లు పోల్చుట న్యాయము గాదు. కావున ఆ భేదములను లెక్కలోనికి తీసికొందురు.

నాలుగవది, లోపమును సరిదిద్ది మరల కొలుచుట. ఈ మెట్టు లేనిచో మొదటి మూడును వ్యర్థములే.

సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. గడ్డ పరిమాణమును వ్రాయనిచో ఆ రోగికి తగిన చికిత్స జరిగినదో లేదో ఏ ఆడిటును తేల్చజాలదు. ఖాళీగా విడిచిన గడి వెనుక, అనవసరముగా మూత్రపిండమును పూర్తిగా కోల్పోయిన మనిషి యుండవచ్చును. మన ఆరోగ్య కేంద్రపు రిజిస్టరును చూచునపుడు ఈ మాట జ్ఞప్తియందుంచుకొందము.

ఇక రోగి ఆసుపత్రికి చేరకముందు జరిగిన ఆలస్యమును సరిదిద్దుట చాలవరకు గ్రామము చేతిలో నున్నది. నొప్పి లేకున్నను మూత్రములో రక్తము కనబడినచో, ఒక్కసారియే యైనను, జాగుచేయక వైద్యునికి చూపవలెనని ప్రజలకు తెలియజేయుదము.